మూడు బాటిళ్ళ బార్: కర్నూల్లో తక్కువ ఖర్చుతో ఇంట్లో మందు సెట్ చేసుకునే లెక్క

బెంగళూరు మారతహళ్ళిలో రూంలో ఉన్నప్పుడు ఒకసారి హోం బార్ పెట్టా. యూట్యూబ్‌లో ఎవరో ఢిల్లీ అన్న "ఇంట్లో కచ్చితంగా ఉండాల్సిన బాటిళ్ళు" అని చెప్తా ఉంటే అది చూసి, ఆ నెల బోనస్ పడిందనే ధైర్యంతో శనివారం పొద్దున్నే పోయి పదకొండు సీసాలు మోసుకొచ్చా. విస్కీ రెండు రకాలు, వోడ్కా, జిన్, తెల్ల రమ్ము, నల్ల రమ్ము, టెకీలా, వెర్మూత్ (మూలికలు వేసిన ఘాటు వైన్), ట్రిపుల్ సెక్ (నారింజ వాసన తీపి మందు), కాఫీ లిక్యూర్ (కాఫీ రుచి తీపి మందు), ఇవి చాలవన్నట్టు బ్లూ క్యురాసావ్ అని స్విమ్మింగ్ పూల్ నీళ్ళ రంగులో ఉండేది ఒకటి. ఏడాది తర్వాత లెక్క చూసుకుంటే నల్ల రమ్ము నాలుగుసార్లు అయిపోయింది, విస్కీకి లెక్కే లేదు, వెర్మూత్ వెనిగర్ వాసన కొడతా ఉంది, బ్లూ క్యురాసావ్ మూత తీసింది రెండేసార్లు, అందులో రెండోసారి తాగడానికి కూడా కాదు, రూమ్మేట్ వాళ్ళ చెల్లెలు దాన్ని చూసి "ఇదేందన్నా, బాత్రూం కడిగేదా?" అనడిగితే కాదని నమ్మించడానికి.

కర్నూలుకి వచ్చేసేటప్పుడు వాటిలో ఒక్కటి కూడా తేలేదు, అన్నీ రూమ్మేట్‌కే వదిలేశా. తెస్తే యాడ ఆపుతారో, ఏం చేస్తారో అందరికీ తెలిసిందే.

అసలు మన దగ్గర హోం బార్ గురించి మాట్లాడాలంటే బడ్జెట్ కంటే ముందు ఈ చట్టం సంగతి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఆ వీడియోలు చేసేవాళ్ళలో చానామంది ఢిల్లీలోనో గోవాలోనో ఉంటారు, ఢిల్లీలో అయితే మనిషికి 9 లీటర్ల విస్కీ, రమ్ము లాంటివి ఇంట్లో పెట్టుకోవచ్చు, కాబట్టి వాళ్ళు పదిహేను సీసాలు పేర్చుకుని మాట్లాడతారు. మనకి 2019లో వచ్చిన జీవో ప్రకారం పర్మిట్ లేకుండా మనిషి దగ్గర పెట్టుకోగలిగేది మూడు బాటిళ్ళే, ఫుల్ అయినా క్వార్టర్ అయినా బాటిల్ అంటే బాటిలే, బీర్లయితే 650 ఎంఎల్‌వి ఆరు. 2020 సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ మూడూ పక్క రాష్ట్రం నుంచి తెచ్చుకున్నా తప్పు లేదు అని చెప్తే మనోళ్ళు పండగ చేసుకున్నారు, పండగ రెండు నెలలు కూడా నిలవలా, అక్టోబర్‌లోనే ప్రభుత్వం ఇంకో జీవో ఇచ్చి పర్మిట్ లేకుండా బయట రాష్ట్రం మందు తేగూడదు అనేసింది. కర్నూలోళ్ళకి తుంగభద్ర బ్రిడ్జి దాటితే తెలంగాణ, అనంతపురమోళ్ళకి అటు పోతే బళ్ళారి ఇటు పోతే పావగడ, అందుకే పంచలింగాల చెక్‌పోస్ట్ పేరు మన వైపు మందు తాగని ముసలోళ్ళకి కూడా తెలుసు. పట్టుకున్న సీసాలు రోడ్డు మీద పరిచి రోడ్ రోలర్‌తో తొక్కించే ఫోటోలు పేపర్లో మీరూ చూసే ఉంటారు. పాలసీలు మారినప్పుడల్లా ఈ రూల్స్ కూడా కదులుతుంటాయి కాబట్టి కొనేముందు వైన్స్‌లోనే ఒక మాట అడగండి, బిల్లు ఇస్తే పారేయొద్దు. 21 ఏళ్ళు నిండనోళ్ళకి ఇదంతా వర్తించదని వేరే చెప్పక్కర్లేదు కదా.

కువైట్ బావ తెస్తాడులే అనుకునే కడప, రాజంపేట తమ్ముళ్ళకి చిన్న మాట. కువైట్‌లో మందే నిషేధం, బావ తెచ్చేది ఏదైనా ఉంటే అది మన ఎయిర్‌పోర్ట్‌లో దిగినాక డ్యూటీ ఫ్రీలో కొనేదే, అది కూడా కస్టమ్స్ లెక్కలో మనిషికి 2 లీటర్లే. చెన్నైలో దిగి కారులో వస్తే మళ్ళీ పైన చెప్పిన చెక్‌పోస్ట్ కథే.

సరే, మూడే సీసాలు అనుకుందాం. మొదట్లో నాకు ఇది శిక్షలాగే అనిపించింది, మూడు సీసాలతో బార్ ఏందిరా నాయనా అని. కానీ మూడే పెట్టుకోవాలి అన్నప్పుడే ఏది కొనాలి, ఏది దండగ అని బుర్ర పెట్టడం మొదలైంది, బెంగళూరులో పదకొండు కొన్నప్పుడు అసలు ఆలోచించింది లేదు.

ఇక్కడ ముందు అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. వైన్స్‌లో తక్కువ రేటు అరలో ఉండే విస్కీ, బ్రాందీ, రమ్ము, జిన్, ఇవన్నీ పేర్లే వేరు, చానా వరకు ఒకే తల్లి బిడ్డలు. ఆ తల్లి పేరు ఈఎన్ఏ, అంటే ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్, చెరుకు మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే మడ్డి) నుంచో నూకల్లాంటి ధాన్యం నుంచో తీసి, రంగు రుచి వాసన ఏమీ లేకుండా శుద్ధి చేసిన స్పిరిట్. దానికి నీళ్ళు కలిపి 42.8 శాతానికి తెచ్చి, కాల్చిన చక్కెర రంగు వేసి, కొంచెం మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) స్పిరిట్ చేర్చితే విస్కీ, ద్రాక్ష స్పిరిట్ చేర్చితే బ్రాందీ. ఆ 42.8 అనే వింత నంబర్ యాడిదంటే మందు ఘాటు కొలిచే తెల్లోళ్ళ కాలం నాటి ప్రూఫ్ లెక్కలో 75 డిగ్రీలు, లేబుల్ మీద 75 డిగ్రీ ప్రూఫ్ అనో 25 యూపీ (అండర్ ప్రూఫ్) అనో కూడా రాసుంటుంది చూడండి, అన్నీ ఒకటే. యూరప్‌లో అయితే మొలాసిస్ నుంచి తీసిన దాన్ని విస్కీ అని అమ్మనీయరు, అక్కడ విస్కీ అంటే ధాన్యం నుంచి తీసి మూడేళ్ళు చెక్క పీపాల్లో నానాల్సిందే.

ఇది తెలిసినాక నాకు అర్థమైంది ఏందంటే, తక్కువ రేటులో విస్కీ ఒకటి, బ్రాందీ ఒకటి, రమ్ము ఒకటి కొంటే మూడు రకాలు కొన్నట్టు కాదు, ఒకే దాన్ని మూడు చొక్కాలేసి కొన్నట్టు. మరి యాడ డబ్బుకి విలువ ఎక్కువ? వోడ్కా అంటేనే రుచి లేని శుద్ధమైన స్పిరిట్, ఈఎన్ఏ కూడా అదే, కాబట్టి ఒక మాదిరి రేటు వోడ్కాలో మోసం తక్కువ. రమ్ముకి ప్రపంచంలో యాడైనా అసలు సరుకు చెరుకే, మొలాసిసే, మన దేశంలో చెరుక్కి కొదవ లేదు, అందుకే మన నల్ల రమ్ము ఆ రేటుకి బయట దేశాల్లో దొరికేదానికి తీసిపోదు. 1954 నుంచి వస్తున్న ఓల్డ్ మాంక్‌కి ప్రకటనలు లేకుండానే ఇంత పేరు రావడానికి అదొక కారణం అని నా నమ్మకం. తక్కువ రేటు విస్కీ దగ్గరే మనం లేని దానికి డబ్బు కడతాం, పేరుకి కడతాం, సీసా మీద గుర్రం బొమ్మకి కడతాం.

ఇదేదో విస్కీ తాగొద్దని చెప్పడం కాదు. విస్కీ కొంటే మూడింటిలో ఒక్కటే కొనండి, ఉన్న డబ్బులో ఎక్కువ దానికే పెట్టండి, మిగతా రెండూ కలపడానికి వాడేవి కాబట్టి వాటి మీద మిగుల్చుకోండి అంటున్నా. లేబుల్ వెనకాల చిన్న అక్షరాల్లో ఏం కలిపారో రాసుంటుంది, అక్కడ ధాన్యం స్పిరిట్ అని ఉందా, మాల్ట్ ఉందా, ఉత్త న్యూట్రల్ స్పిరిట్ అని ఉందా చూడండి, వైన్స్ కౌంటర్ దగ్గర వెనకాల పదిమంది తోస్తా ఉంటే చదవలేం అనుకోండి, అందుకే ముందే ఒక క్వార్టర్ తెచ్చుకుని ఇంట్లో తీరిగ్గా చదివి, తాగి చూసి, నచ్చితే ఫుల్ కొనడం మేలు. స్కాచ్‌లో కూడా రెండు రకాలు. స్కాట్లాండ్‌లోనే సీసాకి ఎక్కి వచ్చేవి ఒకటి, అక్కడి నుంచి పెద్ద ఎత్తున తెచ్చి ఇక్కడ సీసాకెక్కించేవి రెండోది. టీచర్స్, 100 పైపర్స్, వ్యాట్ 69 లాంటివి ఈ రెండో రకం, లోపల ఉండేది స్కాచే, రేటు మాత్రం బయట ప్యాక్ అయి వచ్చిన దానికంటే తక్కువ. బ్రిటన్‌తో 2025 జూలైలో సంతకమైన ఒప్పందంలో స్కాచ్ మీద కస్టమ్స్ సుంకం 150 శాతం నుంచి 75కి, పదేళ్ళలో 40కి తగ్గించుకోవాలని రాసుకున్నారు, అది చూసి మావాడొకడు స్కాచ్ సగం రేటుకి వస్తుందని ఎగిరాడు, రాదు, ఎందుకంటే మందు జీఎస్టీలో లేదు, మన సీసా రేటులో పెద్ద ముద్ద రాష్ట్రం వేసే పన్నులే, సుంకం అందులో ఒక భాగం అంతే.

రేటు ఎప్పుడైనా సీసాకి కాదు, పెగ్గుకి లెక్కేసుకోండి. ఫుల్ అంటే 750 ఎంఎల్, 60 ఎంఎల్ పెగ్గులు పన్నెండున్నర. రెండు వేల సీసా అయితే పెగ్గు 160 రూపాయలు, తొమ్మిది వందల సీసా అయితే 72. బార్‌లో కూర్చుని తాగే రేటుతో పోల్చి చూస్తే ఆ రెండు వేలు అంత భయపెట్టదు. ఇంకో చిన్న విషయం, నాలుగు క్వార్టర్లు కలిపితే 720 అవుతుంది, ఫుల్ కంటే 30 తక్కువ. క్వార్టర్ రేటుకి సరిగ్గా నాలుగింతలే ఫుల్ రేటు ఉంటే ఒక స్మాల్ పెగ్గు ఊరికే వచ్చినట్టు. మా వీధిలో ఒక మామ రోజూ ఒక క్వార్టర్ తెచ్చుకుంటాడు, ఫుల్ తెచ్చుకోవచ్చు కదా మామా అంటే "ఫుల్ ఇంట్లో ఉంటే ఫుల్లే తాగుతాను ప్పా" అంటాడు. ఆ మామ లెక్క కూడా లెక్కే, ఇంట్లో సీసా ఉంటే ఆగలేనోళ్ళు ఈ వ్యాసం ఇక్కడే ఆపేసి క్వార్టర్ పద్ధతిలోనే ఉండటం మంచిది, అది కూడా కుదరకపోతే డాక్టర్‌ని కలవాలి.

ఇక నా మూడు సీసాలు. ఒకటి నల్లది, రెండోది తెల్లది, మూడోది మెల్లగా తాగేది.

నల్లది అంటే రమ్ము గానీ బ్రాందీ గానీ. మనది బ్రాందీ దేశం, ఉత్తరాదిలో విస్కీ ఎట్లనో మన దక్షిణాన బ్రాందీ అట్ల, మా చిన్నాయన లాంటోళ్ళు వస్తే మాన్షన్ హౌస్ ఉందా అనే అడుగుతారు, వాళ్ళ ముందు పొగ వాసన కొట్టే సింగిల్ మాల్ట్ (ఒకే బట్టీలో, ఉత్త మాల్ట్‌తో చేసిన విస్కీ) పెడితే "ఇదేందిరా కాలిన టైరు వాసన" అంటారు. ఇంటికి ఎవరు వస్తారో వాళ్ళు ఏం తాగుతారో చూసి కొనాలి కదా, ఎవడో వీడియోలో చెప్పాడని కాదు. మీ బంధువులు, స్నేహితులు బ్రాందీ మనుషులైతే బ్రాందీ, కోలాలో కలుపుకునే బ్యాచ్ అయితే రమ్ము. రెండూ వద్దు.

తెల్లది అంటే వోడ్కా లేదా జిన్. జిన్ అంటే ఈ న్యూట్రల్ స్పిరిట్‌కే జూనిపర్ కాయలు, ధనియాలు, నిమ్మ తొక్కలు లాంటివి వేసి వాసన పట్టించింది, మంచిదైతే వాటితో కలిపి మళ్ళీ బట్టీలో కాస్తారు, చౌకదైతే ఎసెన్స్ వేస్తారు. 2017లో గోవా నుంచి గ్రేటర్ దన్ అని వచ్చినప్పటి నుంచి మన దేశంలోనే తయారయ్యే మంచి జిన్లు చానా వచ్చాయి, కర్నూల్లో అన్ని షాపుల్లో దొరకవు, నాలుగు చోట్ల అడగాల. దొరక్కపోతే వోడ్కాతో సర్దుకోవచ్చు, చౌక జిన్ మాత్రం వద్దు, అగరబత్తి నీళ్ళు తాగినట్టుంటది.

మూడోది మీ ఇష్టం. నాకైతే ఇక్కడ సీసాకెక్కిన స్కాచ్ ఒకటి. కొంచెం డబ్బు పోగైతే మన సింగిల్ మాల్ట్ ఒకటి కొనాలని ఉంది, బెంగళూరు అమృత్ 2004లో ముందు గ్లాస్గోలో అమ్మకానికి పెట్టి అక్కడ పేరు తెచ్చుకుని తర్వాత ఇంటికొచ్చింది, మనోళ్ళ సరుకు మనోళ్ళకి నచ్చాలంటే ముందు తెల్లోడు మెచ్చుకోవాల మరి.

వెర్మూత్, ట్రిపుల్ సెక్, కాఫీ లిక్యూర్, ఆ నీలం సీసా, ఇవేవీ వద్దా అంటే, వద్దు. వెర్మూత్ అనేది వైన్ జాతిది, మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టినా నెల రెండు నెలలకే రుచి పోతది, మన ఎండకి బయట పెడితే ఇంక చెప్పేదేముంది. లిక్యూర్లలో చక్కెర ఉంటుంది కాబట్టి చెడిపోవు గానీ, ఒక్కో కాక్‌టెయిల్‌కి పడేది 15, 20 ఎంఎల్, సీసా అయిపోయేలోపు మీ పిల్లోడు ఇంజనీరింగ్‌లో చేరతాడు. ఆ సీసాలు ఇచ్చేది ఏందయ్యా అంటే తీపి, పులుపు, నారింజ వాసన. అవన్నీ మన ఊర్లో బండి మీద దొరుకుతాయి.

నాకు అసలు మజా వచ్చేది ఇక్కడే. కర్నూలు సి క్యాంప్ రైతు బజార్‌కి వంద, నూటయాభై తీసుకుని పోతే బార్‌లో సగం సామాను వచ్చేస్తది. చీనీకాయలు (బత్తాయిలు), నిమ్మకాయలు, పుదీన, అల్లం, పచ్చిమిర్చి. అనంతపురం, పులివెందుల తోటల చీనీకాయలు మన ఇంటి ముందుకే బండిలో వస్తా ఉంటే మనం ట్రిపుల్ సెక్ కోసం యాడెక్కడో వెతకడం ఏందో. చీనీ రసంతో ఒక జాగ్రత్త ఉంది, పిండి పెట్టుకుంటే చేదెక్కుతుంది. మొదటిసారి నేను సాయంత్రం ఫ్రెండ్స్ వస్తారని మధ్యాహ్నమే లీటర్ రసం తీసి ఫ్రిజ్‌లో పెట్టా, రాత్రి ఎనిమిదికి చూస్తే కాకరకాయ రసం. పండులో ఉండే ఒక పదార్థం రసం పిండాక కాసేపటికి చేదుగా మారుతుందంట, లిమోనిన్ అంటారు, జ్యూస్ బండి వాళ్ళు అప్పటికప్పుడు తీసి చేతికి ఎందుకిస్తారో అప్పుడు తెలిసింది. నిమ్మరసం కూడా ఏ రోజుకారోజే పిండుకోవాలి.

ఇంకోటి నన్నారి. సుగంధిపాల వేర్లతో చేసే ఆ షర్బత్ మన సీమలో ఎండాకాలం బండి లేని సెంటర్ ఉండదు. ఆ పాకం సీసా ఒకటి ఇంట్లో పెట్టుకుంటే తీపీ అదే, వాసనా అదే. 60 ఎంఎల్ జిన్ లేదా వోడ్కా, 20 ఎంఎల్ నన్నారి, ఒక నిమ్మకాయ సగం, ఐసు నిండా, పైన సోడా. బయట మట్టి మీద తొలకరి పడ్డట్టు ఒక వాసన వస్తుంది, జిన్‌లో ఉండే జూనిపర్‌తో కలిసి అది యాడికో తీసుకుపోతది. హైదరాబాద్ నుంచి వచ్చిన మా బామ్మర్ది దీన్ని తాగి "బావా ఇది ఏ బార్‌లో నేర్చుకున్నావ్" అన్నాడు, రాజ్ విహార్ దగ్గర షర్బత్ బండిలో అని చెప్తే నమ్మలేదు.

నిజానికి ఈ కలపడాలన్నిటికీ వెనకాల ఒకటే సూత్రం ఉంది, అది తెలిస్తే రెసిపీలు బట్టీ పట్టక్కర్లేదు. మందు రెండు పాళ్ళు, పులుపు సుమారు ఒక పాలు, తీపి ఒక పాలుకి కొంచెం తక్కువ. 60 ఎంఎల్ రమ్ము, 25 నిమ్మరసం, 20 చక్కెర పాకం వేసి ఐసుతో గిలకొడితే అది క్యూబా వాళ్ళ డైక్విరి. రమ్ము బదులు విస్కీ అయితే విస్కీ సోర్. బ్రాందీ వేసి నారింజ లిక్యూర్, నిమ్మ కలిపితే సైడ్‌కార్, మనం ఆ లిక్యూర్ బదులు చీనీ రసం 60 ఎంఎల్, నిమ్మ 15, పాకం 10 పోసుకుంటాం, అచ్చం అదే కాదు గానీ దాని పిన్నమ్మ కూతురు. జిన్‌తో ఆ మొదటి లెక్కే వేసి పైన సోడా పోస్తే టామ్ కాలిన్స్. చక్కెర పాకం అంటే చక్కెర ఒక గ్లాసు, వేడి నీళ్ళు ఒక గ్లాసు, కరిగిందాకా తిప్పి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టడం, రెండు మూడు వారాలు నిలుస్తుంది. నల్ల రమ్ముకి చక్కెర బదులు బెల్లం పాకం వేసి చూడండి, రెండూ చెరుకు పిల్లలే కదా, విడిపోయిన అన్నదమ్ములు కలిసినట్టుంటుంది.

షేకర్ (గిలకొట్టే డబ్బా), జిగ్గర్ (కొలత కప్పు) అని స్టీలు సెట్లు ఆన్‌లైన్లో వెయ్యి, పదిహేను వందలకి అమ్ముతుంటారు. పెద్ద స్టీలు గ్లాసు ఒకటి, దాంట్లో బిగుసుకుని దిగే చిన్న గ్లాసు ఒకటి, టీ వడగట్టే జల్లెడ, అయిపోయింది. కొలతకి పిల్లల టానిక్ సీసా మూత, దాని మీద 5, 10 ఎంఎల్ గీతలుంటాయి, బాగా కడుక్కోండి, నేను కడగకుండా ఒకసారి వాడితే డైక్విరికి దగ్గుమందు వాసన వచ్చింది. కొలత మాత్రం వదలొద్దు, కంటి లెక్కతో పోస్తే మనోళ్ళ కన్ను ఎప్పుడూ పటియాలా పెగ్గు (గ్లాసు నిండా పోసే పెద్ద పెగ్గు) వైపే పోతుంది.

ఐసు సంగతి చిన్నదిగా కనపడుతుంది గానీ మే నెల కర్నూల్లో అదే ముఖ్యం. చిన్న ముక్కలు నిమిషాల్లో కరిగి గ్లాసంతా నీళ్ళయిపోతుంది, పెద్ద గడ్డ మెల్లగా కరుగుతుంది, కాబట్టి ట్రేలతో పాటు చిన్న స్టీలు గిన్నెల్లో కూడా ఫిల్టర్ నీళ్ళు పోసి ముందు రోజే పెట్టుకోండి. ఫ్రీజర్‌లో చేపలుంటే ఐసుకి ఆ వాసన పడుతుంది, మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే పెద్ద ఐసు దిమ్మెలు చేపలకీ బీరు సీసాలు చల్లబెట్టడానికీ బాగుంటాయి, గ్లాసులో వేసుకునేవి కావు. సోడా ముందే చల్లగా ఉండాలి, వేడి సోడా మూత తియ్యగానే గ్యాసంతా పోతుంది, చల్లటి నీళ్ళలో గ్యాసు ఎక్కువ నిలబడుతుంది కాబట్టి. పెద్ద సీసా కంటే చిన్న సీసాలు నాలుగు తీసుకోండి, దొరికితే గోలీ సోడా.

తినడానికి ఉడకబెట్టిన బుడ్డలు (శెనక్కాయలు), ఉల్లిపాయ ఎర్రకారం వేసి కలిపిన బొరుగులు. దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు, మన జిల్లాల్లో ఎవరికీ చెప్పాల్సిన పనే లేదు.

దాచుకోవడం గురించి చెప్పాలి, ఎందుకంటే చానామంది షోకేస్‌లో, అదీ కిటికీకి ఎదురుగా పెడతారు. ఎండ, వేడి రెండూ మందుకి శత్రువులే, మన దగ్గర ఎండాకాలం 43, 44 డిగ్రీలు మామూలే. బీరువా కింది అర, చీకటిగా ఉండేది, తాళం పడేది, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే తాళం తప్పదు. వైన్ సీసా పడుకోబెడతారని చూసి స్కాచ్ కూడా పడుకోబెట్టొద్దు, ఈ గాఢమైన స్పిరిట్ కార్క్‌ని తినేస్తుంది, నిలబెట్టాలి. మూత తీసిన సీసా చెడిపోదు గానీ సగం కంటే కిందికి దిగినాక లోపలి గాలికి వాసన మెల్లగా పోతుంది, పండగ కోసమని అడుగున నాలుగు పెగ్గులు ఏళ్ళతరబడి దాచుకోవడం దండగ. చిన్న సీసాలోకి మార్చి పెట్టొచ్చు, దాని మీద పేరు రాసి అతికించండి, లేకపోతే నీళ్ళ సీసా అనుకుని ఇంట్లో ఎవరో ఒకరు ఎత్తుతారు.

యాడ కొన్నా సీల్ చూడాలి. 2024 అక్టోబర్ 16 నుంచి ప్రభుత్వ షాపులు పోయి ప్రైవేట్ షాపులు వచ్చాయి, 99 రూపాయల క్వార్టర్ వచ్చింది, అంతకు ముందు ఐదేళ్ళు కనపడని తెలిసిన బ్రాండ్లు మళ్ళీ అరల్లోకి వచ్చాయి, అంతా బాగుంది అనుకునేలోపు 2025 అక్టోబర్‌లో ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడింది. ఆ తర్వాతే సీసా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూసుకునేందుకు ప్రభుత్వం ఎక్సైజ్ సురక్ష యాప్ తెచ్చింది. స్కాన్ చెయ్యడానికి పది సెకన్లు పడుతుంది. ఊరి బయట ఎవరి దగ్గరో లూజుగా దొరికేది, సీల్ నలిగింది, రేటు మరీ తక్కువగా ఉండేది, వీటి జోలికి పోవద్దు, కల్తీలో మిథనాల్ పడితే పోయేది కళ్ళు, ఒక్కోసారి ప్రాణం.

ఎవరినైనా పిలిచినప్పుడు ఒక లెక్క పెట్టుకోండి. 60 ఎంఎల్ పెగ్గులో అసలు ఆల్కహాల్ సుమారు 26 ఎంఎల్. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 సీసాలో 52. అంటే "నేను మందు తాగను, ఒక్క బీరు చాలు" అనే పెద్దమనిషి రెండు లార్జ్ పెగ్గులు తాగినట్టే. ఇది తెలీక మా ఇంట్లో ఒకసారి "బీరే కదా" అని రెండు తాగిన ఒకాయన బండి తాళం తీసుకుని లేచాడు, నాలుగు లార్జ్‌లు తాగినోడికి తాళం ఇస్తామా? ఇవ్వలేదు, అలిగాడు, సోఫాలోనే పడుకున్నాడు, పొద్దున ఉగ్గాని బజ్జి తిని నవ్వుతా పోయాడు. ఐదుగురు కూర్చుంటే ఒక ఫుల్‌తో మనిషికి రెండున్నర పెగ్గులు, అంతే చాలు, రెండో ఫుల్ బల్ల మీదికి తేవొద్దు.

మొత్తం మీద నాకు మొదటిసారి సీసాలకి అయింది ఐదు వేల లోపే, అందులో సగానికి పైగా స్కాచ్‌దే, పాకాలు సోడాలు కాయలు అన్నీ కలిపి ఐదారు వందలు దాటలేదు. ఇప్పుడు ఏది అయిపోతే అదే రకం ఇంకోటి తెస్తా, కొత్త రకం చూడాలనిపిస్తే పాతది ఖాళీ అయ్యేదాకా ఆగుతా. నిన్న చూస్తే జిన్‌లో ఇంకో మూడు పెగ్గులుంది, నన్నారి సీసా మాత్రం ఖాళీ. మా అమ్మ తాగేసింది, సోడా కలుపుకుని.